రెండు కిలోల నాలుగు వందల గ్రాముల చీర

నా భార్య రెండేళ్ళుగా మా ఇంటి మిద్దె ఎక్కలేదు. మెట్లు పద్దెనిమిది. అవి ఎక్కాలంటే ఆమె కుడి మోకాలికి ఆపరేషన్ కావాలి. ఆపరేషన్ చేయాలంటే ఆమె బరువు ఎనభై రెండు కిలోలకు దిగాలని కరీంనగర్ డాక్టరు చెప్పాడు. ఆ రోజు ఆయన కాంటా మీద ఆమె ఎనభై తొమ్మిది. ఈ సంగతులన్నీ నా డైరీలో ఒకే పేజీలో ఉన్నాయి.

మిద్దె మీద అంతగా ఏముందని అడగవచ్చు. ఆమె రాజ్యం ఉంది. ఇరవై ఒక్క పూల కుండీలు, ఒడియాలు పోసే నవారు మంచం, మిరపకాయలు ఆరేసే టార్పాలిన్. మా గోదావరిఖనిలో పొద్దున ఏది ఆరేసినా సాయంత్రానికి దాని మీద సన్నటి నల్ల పొడి దిగుతుంది. ఏ గాలికి ఎటువైపు కప్పాలి, ఎప్పుడు తీయాలి అన్నది ఆమె ఒక్కతెకే తెలిసిన విద్య. ఆమె మోకాలు మొరాయించినప్పటి నుంచి ఆ పని నా నెత్తిన పడింది. మొదటిసారి నేను కిందికి తెచ్చిన మిరపకాయలను చేటలో పోసుకుని చాలాసేపు చూసి, "ఇవి కూరల ఎయ్యాల్నా, పొయ్యిల పెట్టాల్నా?" అన్నది.

రోజూ నేను పైన నీళ్ళు పోస్తుంటే కింద మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేది.

"మల్లెకు పోసినవానయ్యా?"

"పోసిన."

"అబద్ధం. ఆ కుండీ కింద ఇటుక పెట్టిన, పోస్తే చప్పుడు వేరే ఉంటది."

నీళ్ళ చప్పుడును బట్టి కుండీని గుర్తుపట్టే మనిషిని మోసం చేయడం నావల్ల కాలేదు. ఆపరేషన్ అయితే తప్ప నాకూ విడుదల లేదు.

బరువు తగ్గించడానికి ఆ దవాఖాన వాళ్ళే ఒక ఏర్పాటు చెప్పారు. అరవై దాటినవాళ్ళ కోసం ఫోన్లోనే నడుస్తుంది. హైదరాబాద్‌లో కూర్చున్న ఒక అమ్మాయి వారానికోసారి, సోమవారం పొద్దున, వీడియోలో అందరితో మాట్లాడుతుంది. ఆమెను కోచ్ అనాలట. రోజూ తిన్నది రాసి పంపాలి, పళ్ళెం ఫోటో పంపాలి, కుర్చీ వ్యాయామం చేయాలి, సోమవారం బరువు చూసుకుని అంకెను యాప్‌లో మనమే కొట్టాలి. సహాయకుడు అన్న గడిలో నా వయసు, నా వృత్తి రాశాను.

వృత్తి దగ్గర కాస్త ఆగాలి. నేను ముప్పై ఏళ్ళు బొగ్గు లారీల కాంటా దగ్గర క్లర్కుగా చేశాను. నిండు లారీ ఎక్కుతుంది, తూచాలి. అందులోంచి ఖాళీ లారీ బరువు తీసెయ్యాలి. మిగిలింది బొగ్గు. ఖాళీ బరువు ప్రతి ట్రిప్పుకూ తూచం. ఒకసారి తూచి పుస్తకంలో ఎక్కిస్తే నెల పాటు అదే లెక్క. డ్రైవర్లు ఖాళీ బరువు ఎక్కువ చూపించాలనో తక్కువ చూపించాలనో చేయని ఉపాయం లేదు. ఒకడు ఖాళీ లారీలో సీటు కింద ఇనుప దిమ్మెలు దాచి తెచ్చాడు. ఇంకొకడు క్యాబిన్లో తన బావమరుదులను నలుగురిని పడుకోబెట్టి తెచ్చాడు. అందరినీ పట్టుకున్నాను. పట్టుకున్న రోజున డైరీలో ఎర్ర ఇంకుతో రాసేవాణ్ణి.

అలాంటివాడికి ఇంట్లో కాంటా పెట్టే అవకాశం వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

జనవరిలో మొదలుపెట్టాం. "సన్నటి బట్టలతో, ఖాళీ కడుపుతో తూచుకోవాలి" అని యాప్‌లో ఉంది. మా ఆమె ఒప్పుకోలేదు.

"చలికి పండ్లు కొట్టుకుంటున్నయి. స్వెట్టర్ ఇప్పి ఎక్కుమంటవా? నాకు సర్ది చేస్తే నీ కోచ్ వచ్చి కషాయం కాస్తదా?"

నిజమే. నాకు వెంటనే దారి దొరికింది. బట్టల బరువు వేరే తూచి తీసేస్తే సరి. ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు ఒంటి మీదివన్నీ మూట కట్టించి, ఆ మూటతో నేను ఒకసారి, మూట లేకుండా ఒకసారి కాంటా ఎక్కాను. తేడా రెండు కిలోల నాలుగు వందల గ్రాములు. డైరీ మొదటి పేజీలో గీత గీసి, "ఖాళీ బరువు: 2.400" అని రాసి, కింద సంతకం కూడా పెట్టాను. అక్కడ సంతకం ఎందుకో ఇప్పటికీ నాకు తెలియదు. అలవాటు.

మొదటి సోమవారం ఎనభై తొమ్మిది నాలుగొందలు, అందులోంచి బట్టలు పోను ఎనభై ఏడు. ఒక్క రోజులో రెండు కిలోల నాలుగు వందలు తగ్గినట్టు ఆమె సంబరపడింది. అది తగ్గడం కాదు, లెక్క సరిచేయడం అని చెప్పాను. "ఏదైతే ఏంది, దిగిందా లేదా?" అన్నది.

తిండి రాసే పని కూడా నాదే. ఇందులో మొదటి వారమే పేచీ వచ్చింది. మా గని లెక్కలో రోజు పొద్దున ఏడింటికి మొదలవుతుంది. ఏడింటి లోపల ఏం జరిగినా అది నిన్నటి నైట్ షిఫ్టు కిందికి వస్తుంది. రిటైరై తొమ్మిదేళ్ళయినా నా డైరీ అట్లాగే నడుస్తుంది. ఆమె ఆరింటికి తాగే చాయ్, తినే రస్కులు నైట్ షిఫ్టు అని రాసి పంపాను.

సోమవారం వీడియోలో కోచ్ మెల్లగా మొదలుపెట్టింది. "అమ్మగారూ, ఏమీ అనుకోకండి. రోజూ నైట్ షిఫ్టులో రెండు చాయ్‌లు, నాలుగు రస్కులు అని ఉందండి. రాత్రుళ్ళు లేచి తింటున్నారా?"

మా ఆమె ఫోన్ వదిలిపెట్టి నా వైపు తిరిగింది. "ఎవలు? నేనా? రాత్రి లేసి రస్కులు తినేటిది ఏ పెండ్లాం గురించి రాసి పంపినవయ్యా?"

ఆ వీడియోలో మాతోపాటు ఇంకా ఎనిమిది మంది చిన్న చిన్న గడుల్లో ఉన్నారు. ఏడుగురు మర్యాదగా నవ్వు ఆపుకున్నారు. ఎనిమిదో ఆయన ఆపుకోలేదు. ఆయనది రామకృష్ణాపూర్. గనిలో పనివాళ్ళను నడిపించే సర్దారుగా చేసి రిటైరైనవాడు. మొదటి రోజే మా ఆమెతో అక్కా అని వరస కలిపి, నన్ను బావను చేసేశాడు. "బావా, నీ డైరీల నాకు గూడ ఒక షిఫ్టు ఇయ్యి, నేను గూడ తింట" అన్నాడు.

ఆయన వ్యాయామం చేసే తీరే వేరు. కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం పదిసార్లు చేయాలి. ఆయన కెమెరాలో తలకాయ ఒక్కటే కనిపించేది. పైకి పోయేది, కిందికి వచ్చేది. అందరికంటే ముందు ఆయనదే అయిపోయేది. ఒక రోజు మధ్యలో కరకరమని చప్పుడు.

"ఎవరి దగ్గరండి ఆ శబ్దం?" అన్నది కోచ్.

"నాదే బిడ్డా. మోకాళ్ళు. ముప్పై ఐదేండ్లు గని దిగిన మోకాళ్ళు గద, గట్లనే కరకరమంటయి."

కోచ్ జాలిపడి నెమ్మదిగా చేయమన్నది. మా ఆమె మాత్రం ఫోన్‌ను కళ్ళ దగ్గర పెట్టుకుని పరీక్షగా చూసి, "తమ్మీ, నీ మోకాళ్ళకెల్లి నువ్వులు రాలుతున్నయి. మూతి తుడుసుకో. సకినాలు ఎవలు చేసిన్రు?" అన్నది.

ఇంత పదునైన చూపున్న మనిషి తన పళ్ళెం విషయంలో ఏం చేసిందో కూడా రాయాలి. ఫోటోకు ఒక పళ్ళెం, తినడానికి ఒక పళ్ళెం పెట్టేది. ఫోటో పళ్ళెంలో ఒక జొన్నరొట్టె, పాలకూర పప్పు, ఐదు కీరదోస ముక్కలు. పెళ్ళిచూపులకు పిల్లను కూర్చోబెట్టినట్టు సర్దేది. ఫోటో తీసేదీ నేనే, పంపేదీ నేనే. తర్వాత ఆ పళ్ళెం నా ముందుకు వచ్చేది, కీరదోస మాత్రం ఫ్రిజ్‌లోకి పోయేది. ఐదో రోజున కోచ్ నుంచి మెసేజ్: "అమ్మగారూ, మూడో కీరదోస ముక్క సోమవారం నుంచి అట్లే వంకరగా ఉంది. బాగానే ఉందా అండి?"

నడక లెక్క కూడా ఫోనే పెట్టుకుంటుంది. ఒక రోజు ఆమె రెండు వేల అడుగులు నడిచినట్టు వచ్చింది. కోచ్ అందరి ముందు చప్పట్లు కొట్టించింది. ఆ రోజు మేము ఆటోలో నస్పూర్ పెళ్ళికి పోయి వచ్చాం. ఆమె ఆటో దిగింది రెండుసార్లే. నడిచింది గుంతల రోడ్డు.

ఇవన్నీ ఉన్నా బరువు మాత్రం దిగుతూ వచ్చింది. ఫిబ్రవరిలో ఎనభై ఆరు, మార్చిలో ఎనభై నాలుగు ఎనిమిదొందలు, ఏప్రిల్ చివరికి ఎనభై రెండు మూడొందలు. ప్రతి సోమవారం నిండు బరువు, తీసివేత, నికర బరువు మూడు గడుల్లో రాశాను. గ్రాఫ్ గీశాను. గ్రాఫ్ మెట్లు దిగినట్టు ఉంది. మే నెల మొదటి సోమవారం ఎనభై ఒకటి ఆరొందలు రాగానే ఆమె మెట్ల దగ్గరికి పోయి పైకి చూస్తూ, "కుండీలల్ల మట్టి మార్చాలె. నువ్వేమీ ముట్టకు, నేనే వచ్చి చేస్త" అన్నది. తన అక్కకు ఫోన్ చేసి ఈ ఏడు ఒడియాలు తానే పోస్తానని కూడా చెప్పింది.

నేను వెంటనే కరీంనగర్ దవాఖానలో రోజు రాయించాను.

అక్కడ సిస్టర్ ఆమెను కాంటా ఎక్కించింది. "ఎనభై నాలుగు."

నేను ముందుకు వంగి చెప్పాను. "అందులకెల్లి రెండు కిలోల నాలుగు వందలు తీసెయ్యి తల్లీ."

"ఏం తియ్యాలె తాతా?"

"చీర."

సిస్టర్ మా ఆమె కొంగును రెండు వేళ్ళతో పట్టుకుని తూచినట్టు చూసింది. "గీ చీర రెండున్నర కిలోలా? ఇత్తడిదా తాతా?"

నా దగ్గర రుజువు ఉంది. డైరీ తీసి మొదటి పేజీ చదవడం మొదలుపెట్టాను. "నూలు చీర ఒకటి. లంగా ఒకటి. జాకెట్టు. తాళం చెవుల గుత్తి. వక్కల సంచి. ఉన్ని స్వెట్టరు..."

స్వెట్టరు దగ్గర నా గొంతు దానంతట అదే తగ్గిపోయింది. కింద ఇంకా శాలువా ఉంది, మేజోళ్ళు ఉన్నాయి. అవి మనసులోనే చదువుకున్నాను. నెత్తి మీద ఫ్యాన్ గిర్రున తిరుగుతున్నది. నా చొక్కా ఒంటికి అంటుకుని ఉంది. వరుసలో ఉన్నవాళ్ళందరూ నోట్లో నీళ్ళ సీసాలు పెట్టుకుని మా వైపు చూస్తున్నారు.

"తాతా, ఇది మే నెల" అన్నది సిస్టర్.

స్వెట్టరు ఫిబ్రవరిలోనే పెట్టెలోకి పోయింది. శాలువా, మేజోళ్ళు దాని వెనకనే పోయాయి. మార్చి నుంచి ఆమె పల్చటి చీర కట్టుకుని కాంటా ఎక్కుతున్నది. నేను మాత్రం జనవరి బట్టలను ప్రతి వారం ఆమె ఒంట్లోంచి తీసేస్తూ వచ్చాను. లారీకైనా నెలకోసారి ఖాళీ బరువు మళ్ళీ తూచేవాణ్ణి.

డాక్టరు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. ఎనభై రెండు కిలోలు దాటితే ఈ వయసులో మత్తు ఇవ్వడానికి మత్తు డాక్టరు ఒప్పుకోడని, ఇంకో రెండు కిలోలు తగ్గి, మూడు నెలలకు రమ్మని చెప్పాడు. మా ఆమె తల ఊపింది. బస్సు దాకా నా చెయ్యి పట్టుకోకుండా నడిచింది. ప్రతి అడుగుకూ ఆగింది.

పెద్దపల్లి దాటిన తర్వాత కిటికీలోంచి చూస్తూనే అన్నది. "నాకు ఎరుకే."

"ఏంది?"

"స్వెట్టరు సంగతి. మార్చిలనే ఎరుకే."

"మరి చెప్పలేదేమే?"

"అంకె మంచిగ దిగుతున్నది గద. నువ్వు గీతలు గీసుకుంట సంబురపడుతున్నవ్. నాకు గూడ సంబురమే అయింది." ఇటు తిరిగింది. "నువ్వు ముప్పై ఏండ్లు కాంటా మీద చేసినోనివి. నీకు నిజంగ తెల్వదా?"

నేను సంచిలోంచి డైరీ తీసి చూసినట్టు చేశాను. తెలుసో తెలియదో అందులో రాసి లేదు. అంకె బాగా వస్తున్నప్పుడు ఎవరూ కాంటాను మళ్ళీ పరీక్షించరు అన్నది మాత్రం నాకు డ్రైవర్ల వల్ల తెలుసు.

ఇంటికి వచ్చాక ఆమె మెట్ల దగ్గర నిలబడింది. మొదటి మెట్టు మీద కుడికాలు పెట్టి, తీసేసి, కళ్ళు తుడుచుకుంది. ఆ రెండేళ్ళలో మోకాలి కోసం ఆమె ఏడవగా నేను చూసింది అదొక్కసారే. తర్వాత, "ఇగ నీ కాంటా బంద్" అన్నది.

సోమవారం ఫోన్ తనే పట్టుకుని, అందరి ముందు మొదలుపెట్టింది. "బిడ్డా, మేము దొంగ లెక్క పెట్టినం." స్వెట్టరు చెప్పింది, రెండు పళ్ళేలు చెప్పింది, వంకర కీరదోస చెప్పింది, ఆటో చెప్పింది. నేను పక్క గదిలోకి పోవాలని లేచాను. "నువ్వు కూసో" అన్నది.

అంతా విని రామకృష్ణాపూర్ సర్దారు గొంతు సవరించుకున్నాడు. "అక్క ఇంత ధైర్యంగ చెప్పినంక నేను చెప్పకుంటే బాగుండది" అని ఫోన్ కిందికి వంచాడు. ఆయన మంచం మీద దిండుకు ఆనుకుని కాళ్ళు చాపుకుని ఉన్నాడు. నాలుగు నెలలుగా ఆయన ఒక్కసారీ లేవలేదు. ఫోన్‌నే పైకీ కిందికీ ఆడిస్తూ వచ్చాడు.

కోచ్ ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో చెప్పడం కష్టం. తర్వాత నీళ్ళు తాగి, మా ఆమెను అడిగింది. "అమ్మగారూ, ఇప్పుడు నిజం చెప్పండి. అన్నం ఎంత వండుతారు?"

"గిన్నెడు."

"ఎంతమందికి?"

"ఇద్దరమే."

"మిగిలింది ఏం చేస్తారు?"

"మిగలదు బిడ్డా. పారేస్తమా?"

గిన్నె చూపించమన్నది. నేను వంటింట్లోంచి తెచ్చి కెమెరా ముందు పెట్టాను. గిన్నె వెనక మేమిద్దరం కనిపించకుండా పోయాం.

"ఇంత ఎందుకండి?"

"డ్యూటీ దిగి వచ్చేటోళ్ళకు ఉండాలె గద."

"ఎవరండి డ్యూటీలో ఉన్నది?"

మా ఆమె గిన్నెలోకి చూసింది. ఒకప్పుడు మా క్వార్టర్లో ముగ్గురు డ్యూటీ మనుషులం. నేను, నా తమ్ముడు, ఆమె తమ్ముడు. మూడు షిఫ్టులు. ఎవడు ఏ వేళకు వచ్చినా మూత తీస్తే అన్నం ఉండాలి. తమ్ముళ్ళిద్దరూ వేరు పోయి ఇరవై ఏళ్ళు. నేను దిగిపోయి తొమ్మిదేళ్ళు. గిన్నె మాత్రం ఇంకా మూడు షిఫ్టులు చేస్తున్నది. రాని మనుషుల అన్నం ఆమె రోజూ తింటూ వచ్చింది. ఇన్నేళ్ళ నా డైరీల్లో ఈ సంగతి ఎక్కడా లేదు.

మరునాడు అటక మీంచి చిన్న గిన్నె దింపాం. ఆమె అందులో వండి, గంటకోసారి మూత తీసి చూసి, "ఎవలన్న వస్తే ఎట్లనయ్యా?" అన్నది. ఎవరూ రారన్నాను. ఆ గురువారమే సర్దారు మందుల కోసం గోదావరిఖని వచ్చి, అక్కను చూసి పోదామని సరిగ్గా భోజనం వేళకు దిగాడు. వద్దు వద్దంటూనే ఆ చిన్న గిన్నె ఊడ్చాడు. మా ఆమె నా వైపు చూసిన చూపు రాయడానికి నా దగ్గర మాటలు లేవు. ఆ పూట మేమిద్దరం తలా ఒక జొన్నరొట్టెతో సరిపెట్టుకున్నాం. ఆ ఫోటో చూసి కోచ్ చాలా బాగుందని మెచ్చుకుంది.

అయినా గిన్నె మళ్ళీ పెద్దది కాలేదు. పొద్దున, సాయంత్రం గోడ పట్టుకుని కుర్చీ వ్యాయామం చేసింది. నన్ను లెక్క పెట్టనివ్వలేదు. సోమవారం తలుపు వేసుకుని, నైటీతో కాంటా ఎక్కి, అంకెను తనే ఫోన్లో కొట్టింది. ఎంత అని అడిగితే, "నీకెందుకు, రాసుకునేటందుకా?" అన్నది. ఆ గడులన్నీ నా డైరీలో ఖాళీగా ఉన్నాయి.

ఆగస్టులో మళ్ళీ కరీంనగర్ పోయాం. తూచే గది గుమ్మం దగ్గర నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, "లోపలికి రాకు. చీర గురించి మాట్లాడకు" అని చెప్పి పోయింది. పావుగంట కూర్చున్నాను. అంత పొడుగు పావుగంట నా నౌకరీలో కూడా లేదు. ఆమె బయటికి వచ్చి చేతిలోని చీటీ నా ఒళ్ళో పెట్టింది. ఆపరేషన్ తారీఖు.

"ఎంతున్నవే?"

"సరిపోయేటంత."

ఆపరేషన్ బాగానే అయింది. దాని తర్వాతి ఏడుపులు, తిట్లు, వ్యాయామం చేయించే పిల్లవాణ్ణి ఆమె పెట్టిన తిప్పలు ఇక్కడ రాయను. మొన్న ఆదివారం ఆ పిల్లవాడు మెట్లు మొదలుపెట్టవచ్చన్నాడు. నేను ముందు నడుస్తానన్నాను. "ముందు నువ్వుంటే నాకేం కనవడది, ఎనకకు రా" అన్నది. ఎడమ చేత్తో కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి, ఊపిరి తీసుకుని ఎక్కింది. ఐదో మెట్టు మీద ఆగింది. ఎనిమిదో మెట్టు మీద నన్ను తిట్టింది, కారణం లేకుండా. పదో మెట్టు మీద ఆమె కళ్ళు మిద్దె నేలకు సమంగా వచ్చాయి. అక్కడి నుంచి ఆమెకు కుండీల అడుగులు, నవారు మంచం కోళ్ళు, టార్పాలిన్ అంచు మాత్రమే కనిపిస్తాయి.

"ఇయ్యాల్టికి చాలు" అన్నాను.

ఆమె దిగలేదు. కుడి చెయ్యి మిద్దె అంచుకు ఆనించి, ఇరవై ఒక్క కుండీలనూ అడుగు నుంచి ఒక్కొక్కటే చూస్తూ పోయింది.

"మల్లె కింది ఇటుక ఏది?" అన్నది.